ఫోటో స్టూడియోలో క్లయింట్ మెసేజ్‌లు, రిమైండర్లు ఆటోమేటిక్‌గా నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు, కందుకూరు, కావలి, నెల్లూరు వైపు స్టూడియో నడిపేవాళ్లు నలుగురు కలిస్తే చాలు ఇవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తుండాయి, అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టా. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తా. చాలామంది కొత్త ఎంక్వైరీలకి బాట్ పెట్టడంతో మొదలుపెడుతుండారు, కానీ మన డబ్బు, మన టైము ఇరుక్కునేది పెళ్లి అయిపోయాక. ఆల్బమ్‌కి ఏ ఫోటోలు కావాలో క్లయింట్ ఎంచి చెప్పే సెలెక్షన్ రాదు, అది రాక ఆల్బమ్ కదలదు, ఆల్బమ్ కదలక బ్యాలెన్స్ రాదు. రిమైండర్లు ముందు అక్కడ పెట్టండి, మిగతావి తర్వాత.

## మొదలుపెట్టే ముందు

అన్నా, మాది చిన్న స్టూడియో, నేను ఇంకొక అసిస్టెంట్ అంతే. మాకు కూడా ఇదంతా అవసరమా?

చిన్న స్టూడియోకే ఎక్కువ అవసరం. పెద్ద స్టూడియోలో ఫోన్ ఎత్తడానికి ఒక మనిషిని పెట్టుకుంటారు, మన దగ్గర కెమెరా పట్టుకున్నవాడే ఫోన్ ఎత్తాలి, వాడే ఆల్బమ్ డిజైన్ చూడాలి, వాడే బ్యాలెన్స్ అడగాలి. మాఘం, ఫాల్గుణంలో వరసగా పెళ్లిళ్లు పడితే రెండు నెలల కిందటి క్లయింట్‌కి ఏం చెప్పామో గుర్తుండదు. ఇక్కడ ఆటోమేషన్ అంటే పెద్ద సాఫ్ట్‌వేర్ ఏం కాదు, రోజూ అదే మాట టైప్ చేసే పని తప్పించడం, ఏ రోజు ఎవరికి ఏం చెప్పాలో మనకి బదులు గూగుల్ షీటే గుర్తుపెట్టుకోవడం. ఈ రెండూ ఫోన్‌లో ఫ్రీగా దొరికే వాటితోనే అవుతాయి.

యూట్యూబ్‌లో హనీబుక్, డబ్‌సాడో అని క్లయింట్ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్లు చూపిస్తుండారు, అవి కొంటే అయిపోద్ది కదా?

అవి మంచివే, కాకపోతే బయటి దేశాల పద్ధతికి చేసినవి. అంతా ఈమెయిల్ మీద నడుస్తది, కాంట్రాక్ట్ ఈమెయిల్‌లో, బిల్లు ఈమెయిల్‌లో, రిమైండర్ ఈమెయిల్‌లో. మన పెళ్లికూతురు నాన్నగారు ఈమెయిల్ తెరిచి చూస్తారా, ఆయనకి ఫోన్ అంటే కాల్, వాట్సాప్, ఫోన్‌పే. పైగా డాలర్లలో నెల నెలా కట్టాలి. నా సలహా ఏందంటే వాట్సాప్ బిజినెస్, గూగుల్ క్యాలెండర్, గూగుల్ షీట్స్, గూగుల్ ఫారమ్స్, ఈ నాలుగుతో ఒక సీజన్ నడపండి. అవి చాలట్లేదు అనిపించిన రోజున డబ్బులు పెట్టే యాప్‌ల గురించి ఆలోచించొచ్చు.

ఇప్పుడున్న నంబరుతోనే వాట్సాప్ బిజినెస్ పెట్టుకోవచ్చా, చాట్లు పోతాయా?

పెట్టుకోవచ్చు. ముందు బ్యాకప్ తీసుకోండి, బిజినెస్ యాప్‌లో అదే నంబర్ వెరిఫై చేస్తే పాత చాట్లు అందులోకి మార్చుకోమని అదే అడుగుద్ది. ఒకే నంబరు మామూలు వాట్సాప్‌లోనూ బిజినెస్‌లోనూ రెండిట్లో ఉండదు. అందుకే ఇంటి వాళ్ల గ్రూపులు, చుట్టాల గుడ్ మార్నింగ్‌లు ఇందులో కలవకుండా స్టూడియోకి వేరే సిమ్ పెడితే ప్రాణం హాయిగా ఉంటది, రెండు యాప్‌లూ ఒకే ఫోన్‌లో ఉంచుకోవచ్చు. మెయిన్ ఫోన్ కాకుండా ఇంకో నాలుగు డివైజ్‌లు లింక్ చేసుకోవచ్చు కాబట్టి షాపులో కంప్యూటర్ మీద అసిస్టెంట్ కూడా జవాబులు ఇయ్యగలడు.

## ఎంక్వైరీ వచ్చినప్పుడు

షూట్‌లో ఉన్నప్పుడు మెసేజ్ వస్తే చూసుకునేలోపు వాళ్లు ఇంకో స్టూడియోకి పోతుండారు, ఏం చేయాలి?

వాట్సాప్ బిజినెస్‌లో గ్రీటింగ్ మెసేజ్ (పలకరింపు), అవే (Away) మెసేజ్ (మనం అందుబాటులో లేనప్పుడు పోయేది) అని రెండుంటాయి. మొదటిసారి మెసేజ్ పెట్టినవాళ్లకి గానీ, 14 రోజులు మాట్లాడకుండా మళ్లీ పెట్టినవాళ్లకి గానీ గ్రీటింగ్ దానంతట అదే పోద్ది. అవే మెసేజ్‌కి మనం టైము పెట్టుకోవాలి. అందులో "మీ మెసేజ్ మాకు ముఖ్యం" లాంటి కంపెనీ మాటలు వద్దు. ఎప్పుడు మాట్లాడతామో చెప్పండి, ఈలోపు వాళ్లు చేయాల్సింది ఒక్కటి అడగండి. నేను పెట్టింది ఇది:

"నమస్కారం అండి. ఇప్పుడు ఫంక్షన్‌లో ఉన్నాం, సాయంత్రం 7 లోపు మేమే ఫోన్ చేస్తాం. ఈలోపు ఫంక్షన్ ఏంటి, తేదీ ఎప్పుడు, ఊరు ఏది, ఈ మూడు పెట్టండి చాలు, ఆ తేదీ ఖాళీ ఉందో లేదో చూసి చెప్తాం."

ఈ మూడు వస్తే 7 గంటలకి చేసే ఫోన్ రెండు నిమిషాల్లో అసలు విషయంలోకి పోద్ది. 7 అని రాశాక 7కి చేయాలి మరి, చేయకపోతే ఈ మెసేజ్ పెట్టకపోవడమే మేలు.

"రేటెంత" అని అడగ్గానే రేటు కార్డు ఆటోమేటిక్‌గా పోయేట్టు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, నేనైతే పెళ్లిళ్లకి పెట్టను. ఓణీల ఫంక్షన్ అన్నా ఇంట్లో చేసేది వేరు, కల్యాణమండపంలో ఎల్ఈడీ వాల్ పెట్టి చేసేది వేరు. ట్రెడిషనల్ ఫోటో, వీడియో మాత్రమేనా, కాండిడ్, సినిమాటిక్, డ్రోన్ కూడా కావాలా, అది తెలీకుండా ఒక నంబరు పోతే ఆ నంబరే వాళ్ల మనసులో ఉండిపోద్ది. బారసాల, మొదటి పుట్టినరోజు, పాస్‌పోర్ట్ ఫోటోలు, ఫ్రేములు లాంటి ఖాయమైన రేట్లున్నవి మాత్రం క్యాటలాగ్‌లో పెట్టేయండి, క్విక్ రిప్లైలో పెట్టుకుంటే స్లాష్ కొట్టి చిన్న పేరు టైప్ చేయగానే మొత్తం వచ్చేస్తది. పెళ్లి రేటు నోటితో మాట్లాడి, ఆ తర్వాత అదే మాట రాసి పంపండి.

చాట్‌బాట్ పెట్టిస్తామని ఫోన్లు వస్తుండాయి, పెట్టించుకోమంటారా?

నెలకి నాలుగైదు ఫంక్షన్లు చేసేవాళ్లకి అక్కర్లేదు. అది వాట్సాప్ ఏపీఐ (వేరే సాఫ్ట్‌వేర్‌ని వాట్సాప్‌కి కలిపే దారి) మీద నడుస్తది, మనంతట మనం పంపే మెసేజ్‌కి టెంప్లేట్ (మెసేజ్ నమూనా) వాట్సాప్ దగ్గర ముందే అప్రూవ్ చేయించుకోవాలి, మెసేజ్‌కి ఇంత అని డబ్బు పడుద్ది. క్లయింట్ మనకి మెసేజ్ పెట్టిన 24 గంటల లోపలే మామూలుగా రాసుకోగలం. స్కూళ్లకి, కాలేజీలకి గ్రూప్ ఫోటోలు తీసేవాళ్లు, వందల మంది పేరెంట్స్‌తో పని ఉన్నవాళ్లు చూసుకోవచ్చు.

## బుకింగ్, అడ్వాన్స్

గూగుల్ ఫారం పంపితే మన జనం నింపుతారా?

పెళ్లికొడుకో, పెళ్లికూతురో, వాళ్ల తమ్ముడో నింపుతాడు, పెద్దాయనకి పంపితే నింపరు. కాబట్టి అడ్వాన్స్ తీసుకునేటప్పుడే "ఇంట్లో ఫోన్ బాగా చూసేవాళ్లు ఎవరండి" అని అడిగి ఆ నంబరు తీసుకోండి. ఫారం తెలుగులో పెట్టండి, పది ప్రశ్నలు దాటనీయొద్దు. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టారంటే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వమంటది, చాలామంది అక్కడే ఆపేస్తారు, అందుకని శుభలేఖ ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకోండి.

ఫారంలో రెండు నంబర్లు తప్పకుండా అడగండి, డబ్బు సంగతి మాట్లాడే వాళ్లది ఒకటి, ఫోటోల సంగతి మాట్లాడే వాళ్లది ఒకటి. మన ఇళ్లలో ఈ రెండూ ఒకరే ఉండటం అరుదు. పెళ్లికూతురికి బ్యాలెన్స్ రిమైండర్ పోతే ఆ అమ్మాయి ఇబ్బంది పడుద్ది, నాన్నగారికి సెలెక్షన్ లింక్ పోతే అది అక్కడే ఆగిపోద్ది.

ముహూర్తం తెల్లవారుజామున ఉంటే క్యాలెండర్‌లో ఏ తేదీ వేయాలి?

ఆటోమేషన్ పెట్టుకునేవాళ్లు అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఇంట్లోవాళ్లు "పదో తేదీ రాత్రి రెండున్నరకి ముహూర్తం" అంటారు, క్యాలెండర్ లెక్కలో అది 11వ తేదీ. శుభలేఖలో "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని వేసేది అందుకే. మనం 10వ తేదీ 2:30 ఏఎం అని కొట్టామంటే టీమ్‌కి పోయే రిమైండర్ ఒక రోజు ముందుకి పోద్ది, 11వ తేదీ పొద్దున ఇంకో ఫంక్షన్‌కి డేట్ ఖాళీ అని చూపిస్తది, అసలు గొడవ అదీ.

నేను చేసేది ఏందంటే, ఫారంలో "తేదీ" అని ఒక్క గడి పెట్టకుండా "టీమ్ ఏ రోజు సాయంత్రం రావాలి", "ముహూర్తం ఎన్నింటికి", "తెల్లవారితే ఏ వారం" అని మూడు పెట్టా. క్యాలెండర్‌లో ఈవెంట్ ముహూర్తానికి వేయను, టీమ్ బయల్దేరే టైము నుంచి మర్నాడు ఉదయం సామాను సర్దుకునే దాకా ఒకటే పొడుగు బ్లాక్‌గా వేస్తా. అప్పుడు రెండు రోజుల మీదా రంగు పడుద్ది, ఎవరు చూసినా ఖాళీ లేదని తెలిసిపోద్ది. శుభలేఖ వచ్చాక మళ్లీ ఒకసారి సరిచూసుకోండి, ఫోన్‌లో చెప్పిందానికి కార్డులో పడిందానికి తేడా వచ్చే ఇళ్లు ఉంటాయి.

"డేట్ ఉంచండి, చెప్తాం" అని వారాలు గడిపేస్తారు, వాళ్లని ఎట్టా ఫాలో అప్ చేయాలి?

క్యాలెండర్‌లో బూడిద రంగులో వేసి, టైటిల్ ముందు హోల్డ్ అని రాయండి, మూడు రోజుల తర్వాత మనకే ఒక రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజు ఒక మెసేజ్: "మీ తేదీకి ఇంకొకరు అడుగుతున్నారండి, రేపు సాయంత్రం లోపు చెప్తే మీకే ఉంచుతాం." నిజంగా అడిగినప్పుడే ఇది పంపాలి, ఊరికే భయపెట్టడానికి పంపితే ఊళ్లో నాలుగు రోజుల్లో తెలిసిపోద్ది. ఎవరూ అడక్కపోతే "ఖాయం అయిందా అండి" అని అడిగితే చాలు. జాతకాలు, మండపం దొరకడం, ఆషాఢం, మూఢం ఇన్ని చూసుకుని ముహూర్తం పెట్టుకోవాలి వాళ్లు, ఆలస్యం కావాలని చేసేది కాదు.

అడ్వాన్స్ రాగానే రసీదు దానంతట అదే పోవాలంటే?

బిల్లులకి జోహో ఇన్వాయిస్, వ్యాపార్ లాంటి యాప్‌లు ఉన్నాయి, క్లయింట్ పేరు పెట్టి అడ్వాన్స్ కొడితే పీడీఎఫ్ తయారవుద్ది, వాట్సాప్‌లో పంపడం ఒక్క నొక్కు. రసీదులోనే ఎంత వచ్చింది, ఎంత ఉంది, ఆ మిగతాది ఏ రోజు ఏ పనికి ఇవ్వాలి అనేది రాయండి. సర్వీసుల్లో సంవత్సరం టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి కాబట్టి ఈ లెక్క ఒకచోట ఉంటే ఆడిటర్ దగ్గర మనకే సులువు.

## ఫంక్షన్ ముందు

డబ్బు పెట్టకుండా రిమైండర్లు పోవాలంటే షీట్‌లో ఏం చేయాలి?

గూగుల్ షీట్‌లో ఒక్కో ఫంక్షన్‌కి ఒక్కో వరస. పేరు, రెండు నంబర్లు, టీమ్ వెళ్లే తేదీ, ఊరు, ఏ మెసేజ్ ఏ రోజు పోవాలి. చివరి గడిలో వాట్సాప్ లింక్ తయారయ్యే ఫార్ములా పెట్టాలి, హైపర్‌లింక్, ఎన్‌కోడ్‌యూఆర్ఎల్ అని రెండు ఫార్ములాలు కలిపితే క్లయింట్ పేరు, తేదీ, ఊరు పడి మెసేజ్ మొత్తం రాసుకున్న లింక్ వస్తది. నొక్కితే ఆ మనిషి చాట్ తెరుచుకుంటది, మెసేజ్ రెడీగా ఉంటది, సెండ్ కొట్టడమే మన పని. ఇంకా ఒక మెట్టు పైకి పోవాలంటే యాప్స్ స్క్రిప్ట్‌లో (షీట్‌కి చిన్న కోడ్ రాసుకునే చోటు) రోజూ పొద్దున 7 ప్రాంతంలో దానంతట అదే నడిచేట్టు ఒక ట్రిగ్గర్ పెట్టి, ఇవాళ ఎవరెవరికి పంపాలో మన మెయిల్‌కి లిస్ట్ వచ్చేట్టు చేసుకోవచ్చు. కోడ్ రాకపోయినా చాట్‌జీపీటీనో జెమినీనో అడిగితే రాసిస్తాయి, ముందు మన సొంత నంబరుతో టెస్ట్ చేసి చూసుకోండి.

సెండ్ కూడా ఆటోమేటిక్ అయిపోతే బాగుండు అనిపిస్తది, నాకైతే ఆ చివరి నొక్కు మన చేతిలో ఉండటమే ఇష్టం. పంపే ముందు పేరు చూస్తాం, ఆ ఇంటి సంగతి గుర్తొస్తది, అవసరమైతే ఒక మాట మారుస్తాం.

ఫంక్షన్ ముందు రోజు క్లయింట్‌కి ఏమేం పంపాలి?

మా వాళ్లు ఎంతమంది వస్తారు, ఎన్నింటికి వస్తారు, ఎవరి ఫోన్ నంబర్, అంతే. దాంతోపాటు ఒక ప్రశ్న: "తప్పకుండా ఫోటో తీయాల్సిన పెద్దవాళ్లు ఎవరెవరండి, వాళ్లని చూపించడానికి మీ వైపు ఒకరి పేరు చెప్పండి." ఈ ప్రశ్నకి జవాబు వచ్చిందంటే "మా అమ్మమ్మ ఫోటో ఒక్కటీ లేదు" అనే మాట ఆల్బమ్ రోజున వినాల్సిన పని ఉండదు. గుడిలో పెళ్లి అయితే కెమెరాకి పర్మిషన్, టైమింగ్స్ వాళ్లనే కనుక్కోమనండి. మాలకొండ లాంటి చోట గుడి శనివారమే తెరుస్తారు, ఇట్టాంటివి ఫారం రాగానే మనం కూడా చూసుకోవాలి.

అమెరికాలో ఉన్న చుట్టాలకి లైవ్ లింక్ ఆటోమేటిక్‌గా ఎట్టా పంపాలి?

యూట్యూబ్‌లో లైవ్‌ని ముందే షెడ్యూల్ చేస్తే లింక్ అప్పుడే వచ్చేస్తది, రెండు రోజుల ముందు ఇంటివాళ్లకి ఇస్తే వాళ్లే గ్రూపుల్లో పంచుకుంటారు. కొత్త ఛానల్‌లో లైవ్ ఆన్ చేస్తే పనిచేయడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, పెళ్లి పొద్దున మొదలుపెట్టొద్దు.

## ఫంక్షన్ తర్వాత: సెలెక్షన్, ఆల్బమ్, బ్యాలెన్స్

ఫోటోలు ఇచ్చి నెలలు అయినా సెలెక్షన్ ఇవ్వట్లేదు, వారం వారం రిమైండర్ పెట్టినా కదలట్లేదు. ఏం చేయాలి?

వారం వారం అదే మెసేజ్ పోతే మూడో వారం నుంచి చూడరు. మన ఇళ్లలో సెలెక్షన్ ఎప్పుడు జరుగుద్దో చూసి ఆ రోజుకి మెసేజ్ పెట్టాలి. పదహారు రోజుల పండక్కి జంట ఇద్దరూ ఇంట్లో ఉంటారు, చుట్టాలు కూడా ఉంటారు, అందరూ కూర్చుని చూసేది అప్పుడే, కాబట్టి ఫోటోలు దానికి రెండు రోజుల ముందు చేతికి అందేట్టు చూడండి. అది తప్పితే ఆషాఢం, పెళ్లికూతురు పుట్టింట్లో ఉంటది, మనకీ పెళ్లిళ్లు ఉండవు. ఆ తర్వాత మొదటి సంక్రాంతి, కొత్త అల్లుడు వచ్చేసరికి ఆల్బమ్ ఇంట్లో ఉండాలని ప్రతి అత్తగారికీ ఉంటది. "సంక్రాంతికి ఆల్బమ్ చేతికి రావాలంటే కార్తీకం లోపల సెలెక్షన్ కావాలండి" అని పంపి చూడండి, మామూలు రిమైండర్ కన్నా దీనికి జవాబు తొందరగా వస్తది. షీట్‌లో "7 రోజుల తర్వాత" అని కాకుండా ఈ తేదీలు వేసుకోండి, ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఒకసారి కూర్చుంటే సంవత్సరానికంతా సరిపోద్ది.

ఇంకొకటి, మూడు వేల ఫోటోలు ఒకే ఫోల్డర్‌లో ఇస్తే ఎవరికైనా భయం వేస్తది. పెళ్లికూతుర్ని చేసినవి, ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు, రిసెప్షన్ అని విడిగా పెట్టి ఒక్కోదానికి ఇన్ని కావాలి అని లెక్క చెప్పండి. 12 బై 36 ఆల్బమ్‌లో 40 షీట్లకి 200 నుంచి 250 ఫోటోలు చక్కగా పడతాయి. రోజుకో ఫోల్డర్ చొప్పున మెసేజ్ పెడితే చిన్న పని లాగా కనపడుద్ది, అయిపోద్ది కూడా.

క్లయింట్ ఇచ్చిన నంబర్లు చూసి ఒక్కో ఫోటో వెతకడానికే రోజంతా పోతుంది, దీనికి దారి ఉందా?

ఉంది, సగం మందికి తెలీదు. క్లయింట్ పంపిన ఫైల్ నంబర్లన్నీ ఒక వరసలో స్పేస్ ఇచ్చి కాపీ చేయండి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో (కంప్యూటర్‌లో ఫోటోలు సర్దుకుని ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) ఆ పెళ్లి ఫోల్డర్ తెరిచి పైన లైబ్రరీ ఫిల్టర్‌లో టెక్స్ట్ నొక్కి, ఫైల్‌నేమ్, కంటెయిన్స్ అని పెట్టి అక్కడ పేస్ట్ చేస్తే ఆ ఫోటోలే మిగులుతాయి. అన్నీ సెలెక్ట్ చేసి ఫ్లాగ్ కొట్టండి, అయిపోయింది.

ఇది సరిగ్గా నడవాలంటే రెండు చూసుకోవాలి. రెండు కెమెరాలు వాడితే ఒకే నంబరు రెండిట్లో వస్తది, పైగా 9999 దాటాక మళ్లీ మొదటి నుంచి వస్తది, కాబట్టి కాపీ చేసేటప్పుడే పెళ్లి పేరు, కెమెరా అక్షరం, వరస నంబరు పెట్టి రీనేమ్ చేయండి. రెండోది, సెలెక్షన్ ఫోటోలు వాట్సాప్‌లో మామూలు ఫోటోలుగా పంపితే పేరు మారిపోద్ది, అసలు నంబరు పోద్ది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా గ్యాలరీ లింక్ ఇయ్యండి.

ఆల్బమ్ డిజైన్ కరెక్షన్లు తెగవు, ఒకరు ఒకటి చెప్తే ఇంకొకరు ఇంకొకటి. ఎట్టా?

డిజైన్ పంపే మెసేజ్‌లోనే రెండు విషయాలు ఉండాలి, కరెక్షన్లు ఒకరే పంపాలి, ఆల్బమ్ షీట్ నంబరు వేసి పంపాలి. "షీట్ 12, కుడివైపు పైన ఫోటో తీసేసి ఫలానా నంబరు పెట్టండి" అని ఒక ఉదాహరణ కూడా రాసి పంపితే అట్టాగే రాస్తారు. చివరికి "ప్రింట్‌కి ఓకే" అని వాళ్లు రాతలో పెట్టాకే ల్యాబ్‌కి పంపండి. ఫోన్‌లో ఓకే అంటే, "మీరు ఓకే అన్నారు కాబట్టి ఇవాళ ప్రింట్‌కి పంపుతున్నాం" అని మనమే రాసి పెట్టాలి.

బ్యాలెన్స్ అడగాలంటే మొహమాటం, రిమైండర్ పోతే ఏమనుకుంటారో?

ముందే అనుకున్న మాట గుర్తుచేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఊరికే "బ్యాలెన్స్ ఉంది" అని కాకుండా ఒక పనితో కలిపి పంపండి, "ఆల్బమ్ ల్యాబ్ నుంచి శుక్రవారం వస్తదండి, తీసుకునేటప్పుడు మిగతాది ఇవ్వండి" అని అమౌంట్ పడేట్టు యూపీఐ క్యూఆర్ పెట్టండి. మామూలుగా యూపీఐలో రోజుకి 1 లక్ష లిమిట్ ఉంటది, అంతకన్నా ఎక్కువ అయితే బ్యాంక్ వివరాలు కూడా ఇయ్యండి. మెసేజ్ రెండు సార్లే, మూడోసారి మనమే ఫోన్ చేయాలి. పెళ్లి ఖర్చులతో నిజంగానే ఇబ్బందిలో ఉన్న ఇల్లు అయితే ఫోన్‌లో చెప్తారు, మెసేజ్‌లో చెప్పరు.

పాత పెళ్లిళ్ల డేటా ఎన్నాళ్లు ఉంచాలి?

ఎన్నాళ్లు ఉంచినా సరే, ఆ మాట రసీదులో రాసి ఉండాలి, తీసేసే ముందు క్లయింట్‌కి మెసేజ్ పోవాలి. నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, షీట్‌లో ఆ తేదీలు పెట్టేయండి. గూగుల్ ఫ్రీ స్టోరేజ్ జీమెయిల్, ఫోటోస్ అన్నిటికీ కలిపి 15 జీబీ, ఒక పెళ్లికి కూడా చాలదు, కాబట్టి రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచి రెండూ ఒకే గదిలో పెట్టకండి.

## ఆపాల్సిన చోట

అన్నీ సెట్ చేశాక ఇంకా చూడాల్సిన పని ఉంటదా?

ఉంటది. షీట్‌లో "ఆపు" అని ఒక గడి పెట్టండి, అందులో టిక్ కొడితే ఆ ఇంటికి ఏ మెసేజూ లిస్ట్‌లోకి రాకూడదు. పెళ్లి ఆగిపోవచ్చు, ఇంట్లో పెద్దాయన పోవచ్చు, కొత్త జంట మధ్య ఏదైనా జరగొచ్చు. మైల ఉన్న ఇంటికి "మీ ఆల్బమ్ సెలెక్షన్ పెండింగ్" అని పోతే ఆ బాధ వాళ్లు మర్చిపోరు. పెళ్లిరోజు విషెస్ ఆటోమేటిక్‌గా పంపడం నాకు నచ్చనిది ఇందుకే, లిస్ట్ చూసుకుని తెలిసినవాళ్లకి మనమే పంపుకోవచ్చు. కంప్లయింట్ వస్తే కూడా టిక్ కొట్టేసి నేరుగా ఫోన్ చేయండి, వీలైతే ఇంటికి పోయి మాట్లాడండి.

ఫోటోలు ఇన్‌స్టాలో పెట్టడానికి పర్మిషన్ కూడా ఫారంలోనే తీసుకోవచ్చా?

తీసుకోవాలి. పెట్టొచ్చు, వద్దు, అడిగి పెట్టండి అని మూడు ఆప్షన్లు. ఆడపిల్లల ఓణీల ఫంక్షన్లకి, చిన్నపిల్లల ఫోటోలకి ఫారంలో అవునని ఉన్నా ఆ ఫోటో చూపించి మళ్లీ అడగండి.

ఒకేసారి అందరికీ పంపే సాఫ్ట్‌వేర్ వాడితే నంబర్ పోతుందంటారు, నిజమేనా? ఫోన్ పోతే అంతా పోయినట్టేనా?

బ్రౌజర్‌లో వేసుకునే బల్క్ సెండర్లు వాట్సాప్ ఒప్పుకోదు, నంబరు బ్యాన్ అయ్యే ప్రమాదం నిజమే, విజిటింగ్ కార్డుల మీద, ఆల్బమ్ వెనక, షాప్ బోర్డు మీద ఉన్న నంబరు అది. యాప్‌లో ఉండే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడుకోవచ్చు, ఒక లిస్ట్‌లో 256 మంది దాకా, మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే పోద్ది. ఫోన్ పోతే క్యాలెండర్, షీట్, ఫారం గూగుల్ అకౌంట్‌లో ఉంటాయి కాబట్టి వేరే ఫోన్‌లో లాగిన్ అయితే వచ్చేస్తాయి. చాట్లకి మాత్రం రోజూ బ్యాకప్ ఆన్‌లో పెట్టుకోండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోండి, ఆ పిన్ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.